చన్నీళ్ల రంగు

గవర్నమెంటువారు జీతాలు కోసిన ఏడు, అంటే ముప్పై రెండులో, మా ఇంటికి కొత్త చీర రాలేదు. మావారు ఏలూరు కలెక్టరాఫీసులో గుమాస్తా. వాళ్ల హెడ్డుగుమాస్తా భార్య మంగాయమ్మగారు శ్రావణ మంగళవారం పేరంటానికి పిలిచారు. నాకున్న ఒక్క మంచి చీరా వెలిసిపోయి ఉంది. అది కట్టుకెళ్లడం కన్నా జ్వరమని పడుకోవడం నయమనిపించింది.

చివరికి బజారునుంచి ఆకుపచ్చ రంగు పొట్లం తెప్పించాను. ఉప్పు వేసి మరగబెట్టాలని దాని మీద రాసే ఉంది. పెరట్లో కాగు పెట్టి చీర ఉడికిస్తుంటే పక్కింటివాళ్లు గోడ మీంచి చూడరూ? గుమాస్తాగారి పెళ్లాం పాతచీరకి రంగేసుకుంటోందని టముకు వెయ్యరూ? అందుకని స్నానాల గదిలో చన్నీళ్లలోనే ముంచి తీశాను. ఆరాక కొత్తదానిలాగే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పేరంటానికి వెళ్లేటప్పుడు దారిలో జల్లు పడి తడిశాను. మంగాయమ్మగారు నన్ను ఆప్యాయంగా పక్కనే కూర్చోబెట్టుకున్నారు. లేచేసరికి ఆవిడ తెల్ల ఉప్పాడ చీర ఓ పక్కంతా పచ్చబడింది. పేరంటాళ్లందరూ చూశారు.

"ఎవరు వేశారమ్మా నీ చీరకి రంగు?" అన్నారావిడ.

నేనేనంటే సరిపోయేది. నోరు రాలేదు. "ఇమాం సాహెబండి," అన్నాను. మా వీధివాళ్ల బట్టలన్నిటికీ రంగులు వేసేది ఆయనే.

"అయ్యో, ముసలాడికి చెయ్యి పట్టు తప్పింది కాబోలు," అన్నారావిడ. అప్పుడైనా నోరు తెరవవలసింది. తెరిచాను, తాంబూలం వేసుకోవడానికి.

వారం తిరక్కుండా ఇమాం సాహెబు భార్య అమీనా మా గుమ్మంలోకి వచ్చింది. మంగాయమ్మగారూ, ఆవిడని చూసి మరో నాలుగిళ్లవాళ్లూ వాళ్లకి బట్టలివ్వడం మానేశారని అప్పటికే విన్నాను. నన్ను దులిపేస్తుందనుకున్నాను. దులిపేస్తే బాగుండుననీ అనుకున్నాను.

"ఆ చీర ఓసారి ఇప్పిస్తారాండి?" అంది.

తెచ్చిచ్చాను. తడిచేత్తో కొంగు నలిపింది. వేళ్లకి రంగంటింది. "ఇది ఉడకలేదండి," అని మెల్లిగా అని, చీర మడిచి చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

"ఆయన మళ్లీ వేసిస్తారండి. మా పేరు చెప్పారు కదండీ. మా పేరున్న చీర రంగు కారితే ఎలాగండి?"

చెంప మీద కొట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాను. "అమీనా, అది నేనే వేసుకున్నాను," అన్నాను.

"తెలుసండి. ఆ మాట చెప్పవలసింది మాకు కాదు కదండీ," అంది.

ఆ సాయంత్రమే మంగాయమ్మగారితో చెప్పేద్దామనుకున్నాను. మర్నాడనుకున్నాను. ఈలోగా చీర వచ్చేసింది. ఎంత ఉతికినా చుక్క రంగు కారలేదు. దసరాల్లో అదే కట్టుకుని మళ్లీ ఆవిడ ఇంటికి పేరంటానికి వెళ్లాను.

మంగాయమ్మగారు నా కొంగు పట్టుకుని చూశారు. "ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని వేశాడు. పోనీలే పాపం, క్షమించేద్దాం," అన్నారు.

నేను తలూపాను.