ఏటిగట్టు నేల

"పందుల్ని బాగా మేపు. ఆ రోజు నా పరువంతా నీ చేతుల్లో ఉంది" అన్నాడు కమిల్లస్, నేను చిలగడదుంపలు ఉడికిన డేక్సా పొయ్యి మీంచి దించుతుంటే. పరువు నా చేతుల్లో పెట్టాడు గానీ, డేక్సాకి రెండో పక్క చెయ్యి వెయ్యాలని మాత్రం తోచలేదు. గుమ్మంలో కూర్చుని వక్క నములుతూ, చర్చి ముందు చెప్పబోయే మాటలు పెదాలతో వల్లె వేసుకుంటున్నాడు.

మా బూగన్‌విల్ దీవిలో గొడవల కాలం ముగిసి చాలా ఏళ్ళయినా మా ఆయన్ని ఊళ్ళో ఇంకా కమాండర్ అనే పిలుస్తారు. అడవిలో దళాన్ని నడిపించాడు, ప్రభుత్వ సైన్యాన్ని హడలెత్తించాడు, అదంతా నిజమే. కమాండర్ పెళ్ళాం అంటే కమాండర్ బట్టలుతికి, కమాండర్ కోసం వచ్చే జనానికి వండి, కమాండర్ కథలు వెయ్యోసారి కూడా మొదటిసారి విన్నట్టు వినే మనిషి. ఇప్పుడు వాటికి పందులు కూడా తోడయ్యాయి. వాటిని పిల్లలుగా తెచ్చి పెంచింది నేను, వాటి దొడ్డి కట్టింది నేను. ఇచ్చేటప్పుడు మాత్రం అవి కమాండర్ పందులు.

ఇచ్చేది సబీనా వాళ్ళకి. ఏటి అవతలి ఊరు వాళ్ళది. గొడవల కాలంలో ప్రభుత్వం ఓడలు రానివ్వక అడవిలో ఒక్క మందుబిళ్ళ దొరకని రోజుల్లో సబీనా చెల్లెలు లూసీ, జ్వరంతో ఉన్న తన కూతురు రీటానీ, ముసలి తండ్రి గెర్వేస్‌నీ వెంటబెట్టుకుని సైన్యం నడిపే శిబిరానికి మందు కోసం బయలుదేరింది. ముగ్గురూ తిరిగి రాలేదు. రెండు వైపుల కాల్పుల మధ్య చిక్కుకున్నారనీ, శవాలు ఏట్లో కొట్టుకుపోయాయనీ కమిల్లస్ చెప్పాడు. కాల్పుల్లో తన దళమూ ఉంది గనక చచ్చినవాళ్ళ ఇంటివాళ్ళ కడుపు చల్లార్చే క్రతువు జరిపిస్తానని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నాడు. పందులు, గవ్వల దండలు, బియ్యం ఇస్తారు. తర్వాత రెండు వైపుల మగవాళ్ళూ ఒకే బుట్టలో వక్క తీసుకుని నములుతారు. ఆ వక్క నమిలాక ఆ చావుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. అది మా కట్టుబాటు.

సంతలో సబీనా నా పక్కనే కూర్చుని కొబ్బరికాయలు అమ్ముతుంది. మొన్న తనే కదిలించింది.

"పందులు బాగా బలిశాయట గదా అక్కా."

"ఏదో, ఉన్నాయిలే."

"మావాళ్ళు అప్పుడే కొవ్వు పంచుకుంటున్నారు నోటితో. నాకైతే వాటి మీద ధ్యాస లేదు. వాళ్ళ ఎముకలు దొరికితే మా అమ్మ పక్కన పెట్టుకునేదాన్ని. ఇక వక్క నమిలాక అడగను కూడా అడగకూడదు గదా."

అని కొబ్బరికాయలు సర్దుకుంది. ఏడుస్తూ చెప్పి ఉంటే ఓదార్చేదాన్ని. మామూలుగా చెప్పేసరికి నేనూ నా దుంపలు సర్దుకున్నాను.

మా అలోయిస్ మామ వచ్చింది ఆ మర్నాడే. అమ్మ తమ్ముడు, మా వంశానికి పెద్ద. మా అమ్మాయి మోనికాకి పెళ్ళయింది, ఇల్లు కట్టుకోవాలి. మా వైపు నేల తల్లి నుంచి కూతురికే వస్తుంది. మగవాడు పెళ్ళాం నేల మీదికి కాపురానికి వస్తాడు.

"మోనికాకి ఏటిగట్టు నేల ఇచ్చెయ్యవే. నీళ్ళు పక్కనే, మట్టి వెన్నలా ఉంటుంది. ఎందుకలా బీడు పెట్టావు?" అన్నాడు మామ.

"భలేవాడివే. నువ్వేగా మామా దాని మీద టాంబు పెట్టావు! చుట్టూ ఎర్రాకుల మొక్కలు నాటించి."

మామ వక్క నమలడం ఆపాడు. "నేనా? నీ నేల మీద నీతో చెప్పకుండా నేనెందుకు పెడతానే?"

ఎర్రాకుల మొక్కలు నాటి టాంబు పెట్టారంటే అక్కడ ఎవరూ అడుగు పెట్టకూడదని అర్థం. మేనమామకి తప్ప మా నేల మీద అవి నాటే హక్కు ఇంకెవరికీ లేదు, కట్టుకున్న మొగుడికి అసలే లేదు. మోనికా కడుపులో ఉన్నప్పుడు కమిల్లస్ ఒకరోజు అడవి నుంచి వచ్చి, "మీ మామ ఏటిగట్టున టాంబు పెట్టించాడు, ఎందుకని అడగొద్దన్నాడు" అని చెప్పాడు. మామ పెట్టిన టాంబుని ఆడవాళ్ళు ఎందుకని అడగరు. అది బాగా తెలిసే ఆ అబద్ధం ఎంచుకున్నాడు. ఎవరి పేరు చెప్పి అబద్ధమాడాడో ఆ మామ బతికే ఉంటాడనీ, మోనికా పెరిగి పెద్దదై ఇల్లు కట్టుకుంటుందనీ మాత్రం ఆలోచించలేదు.

మామ వెళ్ళాక చాలాసేపు దొడ్డి దగ్గరే నిలబడిపోయాను. ఇంటికి కూతవేటు దూరంలో మెత్తటి నేల ఉండగా, ఇన్నేళ్ళూ కొండెక్కి తోట వేశాను. నిండు చూలాలిగా ఎక్కాను. వానలో జారి బుట్టతో సహా దొర్లాను. నుదుటికి తాడు పట్టీ వేసి బుట్ట మోసీ మోసీ నా నుదుటి మీద గాడి పడింది. "ఆడదానికి నడక మంచిదిలే" అనేవాడు కమిల్లస్. "మా వాడికి వేళకి తిండి పెట్టడం చేతగాక కొండ మీద నెపం" అనేది మా అత్త. లూసీ వాళ్ళు తిరిగి రాకుండా పోయింది కూడా ఆ టాంబు పెట్టిన రోజుల్లోనే. ఏటిగట్టున ఏముందో నాకెవరూ చెప్పనక్కర్లేదు. అతను దాచిన దాని చుట్టూ తిరిగి నడిచిన నడక అంతా నాది. ఒళ్ళు మండిపోయింది.

కమిల్లస్ గుమ్మంలోనే ఉన్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏటిగట్టున ఎవరున్నారు?"

"ఎవరు చెప్పారు నీకు?"

అదే జవాబు. తనకీ తెలిసింది, తల దించుకున్నాడు.

"అది యుద్ధం. నీకేం తెలుసే. శిబిరానికి పోయినవాళ్ళు మన ఆచూకీ చెప్పేస్తారు. పోనివ్వొద్దని పైనుంచి ఉత్తర్వు."

"ముసలాయన చెబుతాడనుకున్నావు. లూసీ చెబుతుందనుకున్నావు. ఆ పసిది ఏం చెబుతుంది?"

"ఏడుపు ఆపలేదు" అన్నాడు. "కుర్రాళ్ళు కాల్చారు."

"కాల్చమన్నదెవరు?"

వక్క ఉమ్మేసి లోపలికి పోయాడు.

నాకు జ్వరమొస్తే అడవిలో రెండు కొండలు వీపు మీద మోసిన మనిషి ఇతనే. మోనికా పుడితే చేతుల్లోకి తీసుకుని వణికిపోయిన మనిషీ ఇతనే. ఆ చేతులు అప్పటికే ఆ పని చేసి వచ్చాయి. ప్రేమ లేదంటే సరిపోయేది, ఉంది, ఏం చేసుకోను? కానీ నా కూతురికి ముగ్గురు మనుషుల్నీ ఒక అబద్ధాన్నీ కలిపి నేల రాసివ్వలేను.

మామకి అంతా చెప్పాను. ముసలాయన చేతికర్ర నేలకేసి గీస్తూ కూర్చున్నాడు. "ముందు వక్క నమలనీ. తర్వాత నెమ్మదిగా చూద్దాం" అన్నాడు. మగవాళ్ళకి తర్వాత అనే మాట ఎంత ఇష్టమో! ఆ తర్వాత ఎప్పుడూ రాదని మామకీ తెలుసు.

సంగతి చెవిన పడగానే అత్త అయితే పరిగెత్తుకుని వచ్చింది. "నోరు మూసుకోవే మహాతల్లీ. వాళ్ళ మగాళ్ళు కత్తులు పట్టుకొస్తే నా కొడుకుని నువ్వు కాపాడతావా? నీ నేల మీద బతకడానికొచ్చినవాడు, వాడిని ఇలాగేనా చూసుకోడం?"

"నీ కొడుకునే చెప్పమను అత్తా. అతను చెబితే నేను నోరెత్తను" అన్నాను. కమిల్లస్‌తోనూ అదే అన్నాను. అతను గుమ్మంలో కూర్చుని తన మాటలు వల్లె వేసుకోసాగాడు. నాకు భయం లేదనను. కత్తుల సంగతి అత్త వట్టినే అనలేదు. అయినా క్రతువుకి మిగిలిన ఆ నాలుగు రోజులూ పందులకి మేత వేస్తూ, ఏం మాట్లాడాలో నేను కూడా వల్లె వేసుకున్నాను.

ఆ రోజు చర్చి ముందు మగవాళ్ళు ఎదురెదురుగా రెండు వరసల్లో కూర్చున్నారు. ఆడవాళ్ళం వెనక కాలిన రాళ్ళ మీద దుంపలు పేరుస్తున్నాం. పందుల్ని కర్రలకి కట్టి మధ్యలో పడుకోబెట్టారు. కమిల్లస్ మైకు పట్టుకుని లేచాడు. ఒక్కసారి నా వైపు చూశాడు. చెబుతాడేమోనని దుంపలు పేర్చడం ఆపాను.

"రెండు వైపుల కాల్పుల మధ్య చిక్కుకుని..." అని మొదలుపెట్టాడు.

ముగించి కూర్చున్నాడు. వక్కల బుట్ట బయటికి వచ్చింది. అవతలి పెద్దాయన చెయ్యి చాచాడు. నేను బూడిద చేతులు పావడాకి తుడుచుకుని, మగవాళ్ళ వరసల మధ్య నుంచి నడిచి, బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"కూర్చోవే! ఆడవాళ్ళకేం పని ఇక్కడ?" అన్నారెవరో మా వైపు నుంచే.

"ఈ పందులు నేను పెంచినవి. అబద్ధానికి వెలగా వీటిని ఇవ్వను" అన్నాను. "లూసీ, రీటా, గెర్వేస్ ఏట్లో పోలేదు. మందు కోసం వెళ్తుంటే మా దళం పట్టుకుని చంపింది. కాల్చమన్నది ఈయన. వాళ్ళు నా నేలలో ఉన్నారు. అది నా నేల గనక నేను చెబుతున్నాను."

అవతలి వరస ఒక్క ఉదుటున లేచింది. కుర్రవాళ్ళ చేతులు నడుముల దగ్గరికి పోయాయి. సబీనా పరిగెత్తుకొచ్చి తన తమ్ముళ్ళ ముందు చేతులు బార్లా చాపింది.

"ఆగండ్రా! ఇతన్ని చంపితే వాళ్ళెక్కడున్నారో ఎవడు చూపిస్తాడు? ముందు మన వాళ్ళని ఇంటికి తెచ్చుకోనివ్వండి నన్ను."

అలోయిస్ మామ చేతికర్ర ఊతంగా లేచి వచ్చి సబీనా పక్కన నిలబడ్డాడు. కుర్రవాళ్ళు కాస్త వెనక్కి తగ్గారు. రాళ్ళ పొయ్యి దగ్గర ఉన్న పార తీసుకొచ్చి కమిల్లస్ చేతికిచ్చాను. కమాండర్ మొహం పాలిపోయి ఉంది.

"నన్ను చంపేస్తారే" అన్నాడు, నాకొక్కదానికే వినబడేలా.

"నేను నీ పక్కనే నడుస్తాను. కానీ దారి నువ్వే చూపించాలి."