దా అన్న మాట

కాసులమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా మైనం ఫ్యాక్టరీకే వచ్చింది. మొగుడి కళ్ల మీది కట్లు ఇంకా విప్పలేదు. మందులు కంపెనీ కొంటోంది గనక, కంపెనీ కబురు పెడితే రాకుండా ఎలా ఉంటుంది? కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో గంగ ఒడ్డునే ఉన్నా ఆ మధ్యాహ్నం గాలన్నది లేదు. గేటు మీది ఎర్రజెండా తడిగుడ్డలా వేలాడుతోంది. దాని కింద యూనియన్ ఆఫీసులో నిన్ననే సాయం అడిగి చూసింది. కాంట్రాక్టు కూలీల సంగతి తమ చేతిలో లేదన్నారు. పాపం, టీ మాత్రం ఇచ్చారు.

మేనేజరు సన్యాల్ బాబు టవర్ దగ్గరే నిలబడి ఉన్నాడు.

"గోడలకు మైనం మళ్లీ పట్టేసింది. నీ మరిది లోపలికి దిగుతాడు. నువ్వు తలుపు దగ్గర ఉండు. తెలిసిన పనే కదా," అన్నాడు బెంగాలీలో. "ఈసారి నోరు జాగ్రత్త. ఇన్‌స్పెక్టరు వస్తే జరిగింది జరిగినట్టు చెప్పు. మాట నీదేనని చెప్పు."

కాసులమ్మ తల వంచుకుంది. మాట తనదే. అది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చూసేవాళ్లకు ఆ టవర్ ముచ్చటగానే ఉంటుంది. పైన కరిగిన మైనం చిల్లుల చిప్పలోంచి వానలా కురుస్తుంది. కింది నుంచి ఫ్యాను చల్లగాలిని పైకి తోస్తుంది. బొట్టు నేల చేరేలోపు గట్టిపడి ఆవగింజంత తెల్లపూస అవుతుంది. మొహానికి రాసుకునే క్రీముల్లోకీ, కొవ్వొత్తుల్లోకీ పోయేవి ఆ పూసలే. వానాకాలంలో గాలి చల్లబడక బొట్లు సగం పచ్చిగానే గోడలకు అంటుకుంటాయి. మైనం తగ్గించి వదిలితే అంటుకోవు. కానీ తగ్గిస్తే సరుకు తగ్గుతుంది. అందుకని తగ్గించరు, గోకడానికి మనిషిని దించుతారు. రోజుకు ముప్ఫై రూపాయల మనిషి దొరుకుతుండగా మైనం ఎందుకు తగ్గిస్తారు?

మనిషి లోపలున్నప్పుడు పై గొట్టం ఖాళీ చేసి, వాల్వుకు తాళం వేయాలి. వేస్తే గొట్టంలో మైనం గడ్డకట్టి పూట పని పోతుందని సన్యాల్ బాబు వేయనివ్వడు. పైన వేడి మైనం సిద్ధంగా ఉంటుంది, కింద మనిషి గోకుతుంటాడు. మనిషి బయటికొచ్చాక తలుపు దగ్గరివాళ్లు "దావ్" అని కేకేస్తారు. బెంగాలీలో ఇవ్వు, వదులు అని. తాళం బదులు ఆ కేక ఒక్కటే.

ప్రమాదం జరిగిన రోజు లోపల గోకుతున్నవాడు బైరాగి. రాలిన పెళ్లలు సంచికెత్తుతున్నది అతని పెళ్లాం కాసులమ్మ. ఫ్యాను ఆపి ఉంది, లోపల ఆవిరి. బైరాగి తూలడం చూసి ఆమె సంచి వదిలేసి కేకేసింది.

"మావా, దా! దా! బయటికి దా!"

టవర్ ఆ మాటను పైకి ఎత్తుకుపోయింది. పైన వాల్వు దగ్గరున్న నిమాయ్‌కి తన భాషలోని దావ్ వినిపించింది. "దిచ్ఛి!" అన్నాడు, ఇస్తున్నానని. ఆ గొంతు విని బైరాగి తల పైకెత్తాడు.

ఫ్యాను లేకపోతే ఆ వాన పూసలవదు, కరిగిన వేడితోనే మొహం మీద పడుతుంది.

చేపలవాడి దగ్గర రోజూ తనే అంటుంది కదా, దావ్ అని! ఆ క్షణాన ఎందుకు తోచలేదు? రమ్మనడానికి వేరే మాటే దొరకలేదా? పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్న మాట, అమ్మ పిలిచిన మాట, మొగుడి కళ్లు తీసేసింది. ఆసుపత్రిలో బైరాగి ఆమె చెయ్యి తడుముకుని ఒకటే అన్నాడు.

"నువ్వు పిలిసినావు గదే. నానొస్తనే ఉన్నాను."

తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మరిది కూర్మయ్య చొక్కా విప్పి తలకు గుడ్డ చుట్టుకున్నాడు. చేతిలో అన్న గోకుడుబిళ్లే.

"వొదినా, ఏటీ అనకు. తలుపు మీద కొట్టు, సాలు," అన్నాడు నవ్వబోతూ.

కాసులమ్మ పైకి చూసింది. వాల్వు గొలుసు ఊరికే వేలాడుతోంది, తాళం లేదు. మొగుడి కళ్లు పోయాక కూడా దానికి తాళం రాలేదు! ఆమెకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. మాట నాదే, మరి తాళం ఎవరిది?

కూర్మయ్య వంగేలోపు ఆమె వెళ్లి టవర్ తలుపులో అడ్డంగా కూర్చుంది.

"ఎల్లకు."

"మందులు ఆపీసినారంటే అన్నయ్య గతేటి వొదినా?"

"తెల్దు. నాకేటీ తెల్దు." ఆమె తలుపు అంచు పట్టుకుంది. "గొట్టం కాళీ సేసి తాళం ఎయ్యమను. అందాకా నానిక్కణ్నుంచి నెగను."

సన్యాల్ బాబు అరిచాడు. ఆమెను అవతలికి లాగమన్నాడు. ఎవరూ కదల్లేదు. కూర్మయ్య గోకుడుబిళ్ల కింద పెట్టలేదు, ముందుకూ రాలేదు.

కింద గోల పైకి వినిపించింది. ఆనాటి నుంచి నిమాయ్ ప్రతి చప్పుడుకీ తిరిగి అడుగుతున్నాడు. ఇప్పుడూ అడిగాడు.

"దేబో, బౌదీ?" వదలనా వదినా అని.

కాసులమ్మ టవర్ లోపలికి వంగి, బైరాగి ఎత్తినట్టే తల పైకెత్తింది. వద్దని చెప్పాలి. ఈసారి అతని భాషలోనే చెప్పింది.

"నా!"

టవర్ ఆ మాటను కూడా పైకి ఎత్తుకుపోయింది. చిల్లుల చిప్ప అంచున ఒక మైనపు బొట్టు ఊగుతోంది. ఆమె దాన్నే చూస్తూ, మొహం పక్కకు తిప్పకుండా కూర్చుంది.