రోగికి వివరించడమైనది

"పేషెంట్లకి చేసే సేవలో సగం నాకు చెయ్యకూడదటే?" అన్నారు మా ఆయన మాణిక్యం, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. ముందు మంచం పట్టండి, చేస్తాను అందామనుకుని మింగేశాను. "ఆస్పత్రి చేతులతో ఆవకాయ జాడీ ముట్టుకోకు" అంది మా అత్తగారు శౌరమ్మ. ఆ చేతులు తెచ్చే జీతానికి మాత్రం ఏ అంటూ లేదు. పేరుకి స్టాఫ్ నర్సుని. పొద్దున లేచింది మొదలు స్టాపే లేదు. నాలో నేనే నవ్వుకుంటూ పటమటలో బస్సెక్కాను.

వార్డులో ఆరో నంబరు మంచం మీది రేణుక నా కోసమే చూస్తోంది. పెడన నుంచి వచ్చిన నేతవాళ్ల పిల్ల. ఇరవయ్యారేళ్లు, ఒక్క కూతురు. కడుపునొప్పని వస్తే నాలుగు రోజుల కిందట గర్భసంచి తీసేశారు. సంతకం భర్త ధనుంజయ్‌ది. పెళ్లాం ఆపరేషన్‌కి మొగుడి సంతకం చాలు, అదీ మా నర్సింగ్‌హోమ్ పద్ధతి. దాని కింద "రోగికి వివరించడమైనది" అని రాసేది నర్సు. పదకొండేళ్లుగా రాస్తున్నాను, అన్నం కలిపినంత అలవాటుగా. రేణుకకీ రాశాను. ఆమెతో మాత్రం "చిన్న గడ్డేనమ్మా" అన్నాను.

"ఇంటికెళ్లాక నేనే చెప్తాలెండి సిస్టర్, ఇక్కడైతే ఏడుస్తుంది" అన్నాడు ధనుంజయ్, ఆపరేషన్ అయిన రోజే నన్ను పక్కకి పిలిచి. "మీరు నోరు జారితే ఉద్యోగమూ జారుతుంది దానమ్మగారూ" అన్నారు డాక్టరుగారు.

"గడ్డ పోయిందిగా సిస్టర్, మళ్లీ ఎప్పటికి నెల తప్పుతానంటారు?" అంది రేణుక, సిగ్గుపడుతూ. "పాప తమ్ముడు కావాలని ఒకటే గోల. కండెలు చుడుతూ మెత్తటి నూలు కాస్త దాచాను, ఉయ్యాల గుడ్డకి."

ఈ పిల్లకి ఒళ్లు తుడిచాను, జడ వేశాను, బెడ్‌పాన్ పెట్టాను. ప్రతిదానికీ "కాస్త పక్కకి తిరుగుతావా అమ్మా" అని అడిగే చేశాను. ఆ ఒక్కటే అడగలేదు.

తెర లాగి, పక్కన కూర్చుని చెప్పాను. తీసింది గడ్డ కాదని. నేను అబద్ధం రాశానని.

ఆమె దుప్పటి అంచున ఊడిన పోగుని వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"ఆయనకి తెలుసా?"

"సంతకం ఆయనదేనమ్మా."

కన్నీళ్లు చెవుల్లోకి జారిపోతున్నా తుడుచుకోలేదు. వరండాలో ధనుంజయ్ గొంతు వినబడేసరికి మాత్రం గబగబా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు తెలిసిందని ఆయనతో అనకండి సిస్టర్. ఎలా చెప్పాలా అని ఎంత నలిగిపోతున్నారో."