ఈసారి గుద్దింది నేను కాదు

డ్రైవింగు లైసెన్సు చేతికొచ్చాక ఆ వీధిలో కోడలు గుద్దనిది పెద్దగా ఏమీ మిగల్లేదు. మొదట సొంత గేటు. తర్వాత పక్కింటివాళ్ళ చెత్తడబ్బా. ఆ తర్వాత ఒక పూలకుండీ. అది తనంతట తానే నడిచొచ్చి కారుకు అడ్డం నిలబడిందని ఆమె ఇప్పటికీ అంటుంది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, కారుకు కూడా గీతలు తప్ప ఏమీ కాలేదు. సొట్టలన్నీ ఆమె ధైర్యానికే పడ్డాయి.

అలాగని ఆమె చేతులు మొరటువేమీ కావు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా రానివ్వదు. స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం అవే చేతులు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు తయారయ్యేవి.

భర్త మంచివాడే. కాకపోతే ఆఫీసు నుంచి ఫోను చేసినప్పుడల్లా, భోంచేశావా అన్నంత మామూలుగా, "ఇవాళ దేనికి తగిలించావు?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. ఆమె నడిపే కారు ఒక్కసారి కూడా ఎక్కలేదు.

ఎక్కేది అత్తగారొక్కతే. ఆవిడ బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. పరుగు పందేలనీ తాడు లాగుడనీ పిల్లల్ని ఉరికించిన గొంతు ఇంకా అలాగే ఉంది. "నడపడం వస్తేనే ఎక్కుతాననుకుంటే నీకు నడపడం ఎప్పుడొస్తుందే? పద" అని ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ పళ్ళ డాక్టరు దగ్గర నుంచి తిరిగొస్తున్నారు. అత్తగారికి కింది దవడలో ఒక పన్ను పీకారు. మత్తింజెక్షను ప్రభావానికి మూతి సగం మొద్దుబారిపోయింది. కాసేపు మాట్లాడకండని డాక్టరు చెప్పాడు గానీ, అది ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

"నోరు నాది కానత్తుంది. ఎవలిదో తగిలించాదు," అంది అత్తగారు.

"మాట్లాడకండి అత్తయ్యా," అంది కోడలు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చౌరస్తా దగ్గర ఎర్రదీపం పడింది. కోడలు గీతకు ఇవతలే చక్కగా ఆపింది, బ్రేకు తొక్కి పట్టింది, ఇంత బాగా ఆపినందుకు తనను తనే మెచ్చుకోబోయింది. అంతలో వెనక నుంచి ధభీమని చప్పుడు. ఇద్దరూ ముందుకూగి వెనక్కి పడ్డారు.

"సారీ! సారీ అండీ!" అంది కోడలు, అలవాటు కొద్దీ.

మళ్ళీ ఏం చేశాను? ఎవరిని గుద్దాను? పాదం కిందికి చూసుకుంది. బ్రేకు మీదే ఉంది. కారు గీతకు ఇవతలే ఉంది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

"అత్తయ్యా, దెబ్బేమైనా తగిలిందా?"

"నాకేం కాలేదు. నీకో?"

"నాకూ ఏం కాలేదు. అత్తయ్యా... నేను కదల్లేదు కదా?"

"కదల్లేదు!"

"అయితే ఈసారి గుద్దింది నేను కాదు!"

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకు ఒళ్ళంతా తేలికైపోయింది. ముఖం చాటంత అయింది. నేను కాదు, నేను కాదు అని మళ్ళీ మళ్ళీ అనుకుంది. ఈలోపు వెనకున్న నీలం కారు కాస్త వెనక్కి పోయి, పక్కకు తిరిగి, వాళ్ళను దాటుకుని ఎర్రదీపంలోంచే దూసుకుపోయింది.

"పారిపోతున్నాదు!" అని అరిచింది అత్తగారు. "పత్తుకో! పత్తుకోవే!"

దీపం పచ్చబడేదాకా కోడలు కదల్లేదు. పచ్చబడ్డాక సిగ్నలు వేసి, అద్దంలో చూసుకుని, వెంటపడింది. వెంటపడటమంటే ఎంత వేగంతోననుకున్నారు! పక్కనుంచి సైకిలాయన ఒకడు వాళ్ళను దాటుకుని పోయాడు.

"తొక్కు!" అంది అత్తగారు.

"ఇక్కడ బడి ఉందత్తయ్యా. మెల్లగా పోవాలి."

"బదీ లేదు, గుదీ లేదు!"

ముందు గుండ్రటి కూడలి వచ్చింది. నీలం కారు ఏ దారిన పోయిందో తెలియలేదు. కోడలు ఎటూ తిరగలేక కూడలి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వచ్చిన దారినే పట్టుకుని, మళ్ళీ గుద్దించుకున్న చోటికే వచ్చింది. అప్పటికి తెలివొచ్చింది. పట్టుకుని ఏం చేస్తాం? అలా వెంటపడితే ఇంకెవరినో గుద్దుకోవడం తప్ప లాభమేముంది? కారు పక్కకు తీసి, మంగలి దుకాణం ముందు ఆపి, దీపాలు మిణుకుమిణుకుమనేలా మీట నొక్కింది.

మంగలి అప్పటికే కత్తి చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. అతని వెనక ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, మెడకు తుండుగుడ్డతో ఒక పెద్దమనిషి.

"అంతా చూశానమ్మా!" అన్నాడు మంగలి. "ఎర్ర కారు. మీది ఆగి ఉంది, వాడొచ్చి కొట్టాడు."

"ఎరుపేంటయ్యా, నీలం!" అన్నాడు నురగాయన. అంతలో ఏదో తట్టినట్టు ఆగాడు. "అవునూ, నా గడ్డం గీస్తూ నువ్వు రోడ్డు చూస్తున్నావా?"

మంగలి మాట మార్చాడు. "నంబరు రాసుకున్నారా అమ్మా?"

నంబరు! కోడలి ప్రాణం ఉసూరుమంది. ఎవరైనా గుద్ది పారిపోతే ముందు నంబరు చూడాలని లైసెన్సు పరీక్షలో కూడా రాసింది. తీరా నిజంగా జరిగేసరికి, తప్పు తనది కాదన్న సంబరంలో నంబరు సంగతే మరిచిపోయింది. నురగాయన నంబరులో ఒక ఏడు ఉందన్నాడు, మంగలి అసలు ఏడే లేదన్నాడు.

అత్తగారు సొట్ట ఎంత పడిందో చూద్దామని కారు వెనక్కి వెళ్ళింది. అక్కడి నుంచి వింత చప్పుడొకటి వచ్చింది. కోడలు కంగారుగా పరుగెత్తింది. ఆవిడ నడుం పట్టుకుని వంగిపోయి, సగం మూతితో నవ్వుతోంది. వేలు మాత్రం బంపరు వైపు చూపిస్తోంది.

బంపరు పగిలి నోరు తెరుచుకుంది. ఆ నోట్లో, జేబులో దువ్వెన పెట్టుకున్నట్టు, నీలం కారు నంబరు ప్లేటు నిలబడి ఉంది. అంకెలన్నీ ఉన్నాయి. మంగలి చెప్పిందే నిజం, ఏడు లేదు.

కోడలు చూసింది. ఆ తర్వాత ఆమెకూ నవ్వు తన్నుకొచ్చింది. అత్తాకోడళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని రోడ్డు పక్కన ఊగిపోయారు. వాళ్ళను చూసి మంగలి నవ్వాడు. నురగాయన అత్తగారి ఫోను తీసుకుని, "ముందు ఉన్నదున్నట్టు ఫొటోలు తీయండమ్మా, తర్వాత నవ్వుదాం" అంటూ తనే నవ్వుతూ తీశాడు. అందుకే సగం ఫొటోలు వంకరగా వచ్చాయి.

కోడలు భర్తకు ఫోను చేసింది.

"ఏవండీ, కారుకి దెబ్బ తగిలింది!"

"ఈసారి దేన్ని గుద్దావు?"

"నేను కాదండీ! నన్నే గుద్దారు! నేను ఆగి ఉన్నాను!"

"అంత సంతోషంగా చెబుతున్నావేంటి? తలకేమైనా తగిలిందా?"

అత్తగారు ఫోను లాక్కుంది. "ఒలేయ్! దాన్నేమీ అనకు! అది బొమ్మలా ఆగి ఉంది! వాదే వచ్చి గుద్ది పోయాదు! మేం పోలీతు త్తేచన్‌కి పోతన్నాం!" అని ఫోను పెట్టేసింది.

అవతల కొడుక్కి పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మకు పన్ను పీకించే రోజు ఇవాళేనన్న సంగతి అతనికి గుర్తు లేదు. అమ్మకు పక్షవాతమొచ్చి మాట పడిపోయిందనుకున్నాడు. కుర్చీ మీద కోటు వదిలేసి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీంచి పరుగెత్తాడు.

పోలీసుస్టేషనులో బల్ల వెనక కూర్చున్నావిడ ముఖం చూస్తే నవ్వు అన్న మాటే విననట్టుంది. పొద్దున్నుంచీ పిల్లులు తప్పిపోయినవాళ్ళూ, పక్కింటి పాటలకు నిద్రపట్టనివాళ్ళూ వచ్చి విసిగించి ఉంటారు.

"గుద్ది వెళ్ళిపోయాడంటారు. నంబరు చూశారా?"

"చూడలేదండీ. తెచ్చాం," అంది కోడలు, సంచీలోంచి ప్లేటు తీసి బల్ల మీద పెడుతూ.

పోలీసావిడ ప్లేటు చూసింది, కోడల్ని చూసింది. పెదవులు గట్టిగా బిగించి, దగ్గు నటించింది.

"ఎలా జరిగిందో పెద్దావిడ చెప్పండి."

"ఎల్లదీపం. మా కోదలు ఆపింది. వాదు ధామ్మని గుద్దాదు."

"ఏమంటున్నారు?"

"ఎర్రదీపం పడితే నేను ఆపానట, వాడు గుద్దాడట," అంది కోడలు. "పన్ను పీకారండీ, మత్తు దిగలేదు."

అప్పుడే ఒకాయన లోపలికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. బల్ల దాకా రాకుండానే మొదలుపెట్టాడు.

"మేడమ్, ఇంటి ముందు కారు పెట్టుకుంటే ఎవరో దొంగలు నంబరు ప్లేటు ఊడబీక్కుపోయారండీ! కొత్త కారు! నీలం కారు!"

పోలీసావిడ బల్ల మీది ప్లేటును వేలితో మెల్లగా అతని వైపు తిప్పింది.

"ఇదేనా?"

ఆయన ప్లేటు వైపు చూశాడు. తర్వాత కోడలి వైపు, తర్వాత అత్తగారి వంకర నవ్వు వైపు చూశాడు. బెంచీ మీద కూలబడ్డాడు.

"అది నా కారు కాదండీ," అన్నాడు ఏడుపు గొంతుతో. "మా బావమరిదిది. చెప్పకుండా తెచ్చాను. ఒక్కసారి చౌరస్తా దాకా నడిపి పెట్టేద్దామనుకున్నాను. తగలగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆగుదామనే అనుకున్నాను, ఆ కంగారులో ఎటు తొక్కానో ఏమో... అద్దాలు ఎక్కించి ఉన్నాయి గానీ, లోపల సారీ సారీ అంటూనే ఉన్నానండీ!"

కోడలు నవ్వబోయి ఆగిపోయింది. లోపల్లోపల సారీలు చెప్పుకుంటూ నడపడమంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. అతని మీద జాలి కలిగింది.

"నేనూ సారీ అన్నానండీ. అదీ ఆగి ఉండి," అంది. "కానీ మీరు ఆగాల్సింది. మా అత్తయ్యకి ఏమైనా అయ్యుంటే?"

అతను తల దించుకున్నాడు. "ఆగాల్సిందే," అన్నాడు. "తప్పు నాదే. రిపేరు నేనే చేయిస్తాను."

"రిపేరు సరే," అంది పోలీసావిడ కాగితాలు తీస్తూ. "పారిపోయినందుకు ఒక కేసు. లేని దొంగల మీద ఫిర్యాదు ఇంకా రాయలేదు కాబట్టి బతికిపోయారు. ముందు మీ బావమరిదికి ఫోను చేయండి. ఇక్కడే, నా ముందే."

అదే ఎక్కువ శిక్ష అన్నట్టు చూశాడాయన.

సరిగ్గా అప్పుడు కొడుకు స్టేషనులోకి ఊడిపడ్డాడు. ఎవరినీ చూడకుండా తిన్నగా తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా! నన్ను గుర్తుపట్టావా? రెండు చేతులూ పైకెత్తు!"

అత్తగారు జీవితమంతా పిల్లలకు చెప్పిన మాట అది. ఎవరో తిరిగి తనకే చెప్పేసరికి ముచ్చటపడి రెండు చేతులూ ఎత్తింది.

"ఏదీ, నవ్వు!"

ఆవిడ నవ్వింది. నవ్వు ఒక పక్కే వచ్చింది.

"అయ్యో, మూతి వంకరపోయింది! ఆంబులెన్సు!" అని అతను పెట్టిన కేకకు లాకప్పులో నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చున్నాడు.

"పన్నండీ! పన్ను పీకారు!" అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. పోలీసావిడ ఇక ఆపుకోలేక తల బల్లకు ఆనించి, భుజాలు అదిరేలా నవ్వింది. బెంచీ మీది నీలం కారాయన కూడా నవ్వి, తన పరిస్థితి గుర్తొచ్చి మూతి ముడుచుకున్నాడు.

సంతకాలయ్యాయి. బావమరిది వచ్చాడు. కొత్త కారు ముందు భాగం చూసి మొదట కోపంతో ఊగిపోయాడు గానీ, ప్లేటు దొరికిన తీరు అత్తగారి నోట విన్నాక కోపం నిలుపుకోలేకపోయాడు. వారం తిరక్కుండా బావనే వెంటబెట్టుకొచ్చి కోడలి కారు బంపరు మార్పించాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రం స్టేషను బయట, పగిలిన బంపరు పక్కన నిలబడి భర్త తాళంచెవుల కోసం చెయ్యి చాపాడు.

"ఇవ్వు, నేను నడుపుతాను. నువ్వు కంగారులో ఉన్నావు."

"కంగారులో ఉన్నది మీరండీ," అంది కోడలు.

అత్తగారికి మత్తు దిగిపోయింది. "వెనక కూర్చోరా," అంది స్పష్టంగా.

అతను వెనక కూర్చుని బెల్టు పెట్టుకుని, పైనున్న పిడి రెండు చేతులా పట్టుకున్నాడు. కోడలు కారు తీసింది. రెండు మలుపులు తిరిగింది. ఒక లారీకి దారిచ్చింది. పిడి మీంచి అతని చెయ్యి ఒకటి కిందికి దిగింది, కాసేపటికి రెండోదీ దిగింది.

"బాగానే నడుపుతున్నావే!" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"నాతో మాట్లాడకండి," అంది కోడలు. లోపల నవ్వు ఉబికొస్తున్నా చూపు మాత్రం రోడ్డు మీదే పెట్టింది. "బండి నడుపుతున్నాను."