చోళ్ల గాదెలో చీకటి

టెలిస్కోపు కెమెరాలో వాడే సెన్సరును పరీక్షించే బోర్డును క్రిస్టినా సొంతంగా తయారు చేసింది. చీకట్లో తీసిన ఫొటో పూర్తిగా నల్లగా వస్తేనే ల్యాబు ఆ బోర్డును తీసుకుంటుంది. ఆ సాయంత్రమే గడువు. డుంబ్రిగుడలో పిన్నిగారింట చోళ్లు, అంటే రాగులు, పోసే ఖాళీ గాదెలో సెన్సరునూ బోర్డునూ పెట్టి, మూతేసి, దుప్పట్లు కప్పింది. అయినా ఫొటోలో ఒక మూల తెల్లగానే వస్తోంది. ఆమెకు తన మీదే అనుమానం మొదలైంది.

పిన్ని లూర్దమ్మ మూతెత్తి తొంగి చూసింది.

"ఏటే గుంటా, సీకటి కావాలని లోపల దీపం ఎట్టినావేటి?"

బోర్డు మీద ఆకుపచ్చ లైటు! పని జరుగుతోందన్న ధైర్యం కోసం తానే పెట్టుకున్నది.

"అది ఎలగకపోతే నాకు బయం పిన్నీ."

"నానిక్కడే కూకుంటాను. ఆర్పెయ్."

ఆర్పింది. ఈసారి ఫొటో కాటుకలా వచ్చింది.

"ఏటీ కనబడదు గదే!"

"అదే పిన్నీ!" అంటూ క్రిస్టినా ఆమెను వాటేసుకుంది.