పాలసొర పథ్యం

సముద్రం జహీరాబాదు దాకా రాదు. ఆ సంగతి సత్యవతికి పాతికేళ్ళుగా తెలుసు. అయినా ఆవిడ సముద్రానికి కబురు పెట్టింది. కబురందుకున్న సముద్రం ఐదు కిలోల పాలసొర చేప రూపంలో, తెల్లటి థర్మాకోల్ పెట్టెలో, ఐసు ముక్కల మధ్య పడుకుని కాకినాడలో బస్సెక్కింది. హైదరాబాదులో ఇంకో బస్సు మారి, గురువారం పొద్దున్నే జహీరాబాదు బస్టాండులో దిగింది. దాన్ని తీసుకురావడానికి వెళ్ళిన ఆవిడ భర్త భాస్కరరావు, షేర్ ఆటోలో ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టె కారుతోంది. పక్కనున్న కోహీర్ ఆసామి ముక్కు మూసుకుని, "ఏం సారూ, పెట్టెల పీనుగున్నదా ఏంది?" అని అడిగాడట.

"కాదండీ, పాలు పడటానికి మందు," అన్నాడట భాస్కరరావు. ఆటోలో ఉన్న ఎనిమిది మందీ ఆయన్ని పైనుంచి కింది దాకా చూశారట.

మీరూ నవ్వుకోండి, ఫర్వాలేదు. సత్యవతికి మాత్రం అది నవ్వులాట కాదు. కూతురు హిమబిందు పురిటికి వచ్చింది. పదహారు రోజుల కిందట మగపిల్లాణ్ణి కంది. పుట్టినప్పుడు వాడు రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. నిన్న తూస్తే రెండు కిలోల ఏడు వందల యాభై. పాలు చాలట్లేదు. "సోమవారం మళ్ళీ చూద్దాం. పెరక్కపోతే డబ్బా పాలు మొదలుపెట్టాలి," అంది డాక్టరమ్మ, కళ్ళజోడు తుడుచుకుంటూ. ఎంత తేలిగ్గా అనేసింది! సత్యవతి పుట్టింట్లో గాని, మెట్టినింట్లో గాని డబ్బా పాలు తాగి పెరిగిన పిల్లాడు లేడు. వాడు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే ఆవిడ ఉయ్యాల ఊపుతూ కూర్చునేది. ముసుగుతన్ని పడుకున్నా నిద్ర పట్టేది కాదు.

సత్యవతిది కాకినాడ పక్క పల్లె. అక్కడ బాలింతకి పాలు పడకపోతే డాక్టరు దగ్గరికెళ్ళరు, రేవుకెళ్తారు. పాలసొర తెచ్చి, పసుపేసి ఉడకబెట్టి, తోలు ఒలిచి, ముక్కల్ని పిండి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ గుప్పెడు వెల్లుల్లీ వేసి పొడిపొడిగా పిట్టు చేసి పెడతారు. సత్యవతి అది నలభై రోజులు తిని హిమబిందుని పెంచింది. ఇక అనుమానం ఏముంది? కాకినాడలో ఉన్న తమ్ముడికి ఫోను చేసి, నెల రోజులకి సరిపడా పంపమంది.

పెట్టె మూత తియ్యగానే గుమ్మంలోకి వచ్చి నిలబడింది హిమబిందు. తలకి గుడ్డ, చెవుల్లో దూది, జలుబుతో ఎర్రగా ఉబ్బిన ముక్కు.

"అమ్మా, అది సొరేనా?"

"పాలసొరే. ఎంత తాజాగా ఉందో చూడు."

"నేను తినను. పాదరసం ఉంటుంది అందులో."

"పాదరసమా? థర్మామీటరులో ఉండేదా?" సత్యవతి నడుం మీద చేతులేసుకుంది. "అది చేప ఒంట్లోకి ఎలా వెళ్తుందే? జ్వరమొచ్చి నోట్లో పెట్టుకుందా?"

హిమబిందు హైదరాబాదులో నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తుంది. సీసాల్లో నీళ్ళొస్తే వాటిలో ఏయే లోహాలున్నాయో వెతకడం దాని ఉద్యోగం. అలా వెతికి వెతికి పిల్లకి ప్రతిదాంట్లోనూ విషమే కనిపిస్తోందని సత్యవతి ఉద్దేశం. తల్లీకూతుళ్ళు కాసేపు మాటా మాటా అనుకున్నారు. చివరికి సత్యవతి ముఖం ముడుచుకుని, "సరేలే తల్లీ, మీ నాన్న ఫ్యాక్టరీ వాళ్ళకి ఇచ్చేస్తా," అంది. హిమబిందు తృప్తిగా లోపలికెళ్ళి పడుకుంది.

ఇచ్చేస్తుందా? భలేవారే! కాస్త అటు తిరగ్గానే నాలుగు కిలోలు ఫ్రిజ్ పైఅరలోకి వెళ్ళాయి, కిలో పొయ్యెక్కింది. పిల్లకి ముక్కు పనిచెయ్యదు. పిట్టు చూడ్డానికి అచ్చం కోడిగుడ్డు పొరటులా ఉంటుంది. పైగా అనుమానం రాకుండా సత్యవతి అందులో రెండు గుడ్లు కూడా కొట్టిపోసింది. కన్నకూతురికి అబద్ధం చెప్పి పెట్టడం తప్పే. ఆ తప్పేదో నేనే మోస్తాను, ముందు పసివాడి డొక్క నిండాలి అనుకుంది, గరిటె తిప్పుతూ.

భాస్కరరావుది ఆ రోజు రెండో షిఫ్టు. ఇల్లంతా తిరిగి తిరిగి వంటింట్లోకి వచ్చాడు. "సత్యా, ఉప్పు సరిపోయిందో లేదో చూడనా?"

"చూడక్కర్లేదు. మీరేమన్నా బాలింతా? వెళ్ళి పేపరు చదువుకోండి. నోరు మాత్రం విప్పకండి."

ఆయన నిట్టూర్చి వెళ్ళి హాల్లో కూర్చున్నాడు.

అప్పుడే లక్ష్మమ్మ పైకి వచ్చింది. ఆ ఇల్లు ఆవిడదే. పుట్టిల్లు ఝరాసంగం. కింది వాటాలో ఉంటుంది. బిడ్డ పుట్టినప్పటి నుంచి రోజూ హిమబిందుకి జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం తెచ్చిపెడుతోంది. పాలు పడాలంటే రొట్టె తినాలని ఆవిడ, చేప తినాలని సత్యవతి. పదహారు రోజులుగా ఇద్దరూ నవ్వుతూనే పోట్లాడుకుంటున్నారు. లక్ష్మమ్మ తిన్నగా బాలింత గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది.

"ఏం బిడ్డా, అమ్మ అంత దూరం నుంచి చేప తెప్పిస్తె వద్దన్నవంట. పాపం, ముఖం ఇంతజేసుకున్నది."

"చేపలంటే నాకూ ఇష్టమే అత్తా. నెత్తళ్ళు, కవళ్ళు, ఇలాంటి చిన్న చేపలైతే నేనే అడిగి తింటా. సొర పెద్ద చేప, అదీ గొడవ."

"పెద్దగైతె ఏమాయె?"

"చెప్తా విను. ఇక్కడ ఫ్యాక్టరీల నీళ్ళు ఎటు పోతాయి?"

"ఎటు వోతయ్, వాగులకు. వాగు వొయ్యి మంజీరల కలుస్తది."

"మంజీర గోదావరిలో, గోదావరి సముద్రంలో. దారిపొడుగునా ప్రతి ఊరూ తన మురికి తనూ కలుపుతుంది. ఆ నీళ్ళలో సీసం, కాడ్మియం, పాదరసం లాంటివుంటాయి. అవి కుళ్ళిపోవు, ఎక్కడికీ పోవు. అడుగున బురదలో చేరతాయి. ఆ బురదలో బతికే పురుగుని చిన్న చేప తింటుంది. అలాంటి చిన్న చేపల్ని ఇంకో చేప తింటుంది. వాటిని వేలకి వేలు తింటూ ఏళ్ళ తరబడి బతికేది సొర. అందరి ఒంట్లో ఉన్న పాదరసమూ చివరికి దాని ఒంట్లోకే చేరుతుంది."

లక్ష్మమ్మ బుగ్గన వేలేసుకుంది. "ఓయమ్మో! అంటే మా జహీరాబాద్ ఖరాబు నీళ్ళే దేశమంత తిరిగి, బస్సెక్కి మల్ల మా ఇంటికే వచ్చినయన్నట్టు!"

"మా ఫ్యాక్టరీలో నీళ్ళు శుద్ధి చేశాకే వదులుతాం," అన్నాడు హాల్లోంచి భాస్కరరావు. ఆయన అక్కడ లోహాల మీద పూత వేసే సెక్షన్‌లో ఇంజనీరు.

"రోజూనా నాన్నా?"

పేపరు గరగరలాడింది. "కరెంటు లేని రోజు తప్ప," అని దాని వెనకనుంచి చిన్న గొంతు వినిపించింది.

"మరి అది తింటె ఏమైతది బిడ్డా?" అంది లక్ష్మమ్మ.

"పెద్దవాళ్ళు ఎప్పుడో ఓ పూట తింటే ఏమీ కాదు. రోజూ తింటే నరాలు దెబ్బతింటాయి. పసివాళ్ళకైతే ఎదిగే మెదడు కదా, దానికి ప్రమాదం. పాలల్లోకి వచ్చేది కొంచెమే అత్తా. కాని వీడూ కొంచెమేగా ఉన్నాడు."

"అయితె ఆ సొరకన్న పెద్ద చేపవు నువ్వే గదా, దాన్ని తింటవు గనక."

"నాకన్నా పెద్ద చేప ఇంకోటుంది, నన్ను తినేది," అంది హిమబిందు.

లక్ష్మమ్మకి అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత ఇద్దరూ ఉయ్యాల వైపు చూశారు. అందులో రెండు కిలోల ఏడు వందల యాభై గ్రాముల ప్రాణి పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది.

గుమ్మంలో సత్యవతి కంచం పట్టుకుని నిలబడి ఉంది. మొత్తం విన్నది. వెనక్కి తిరిగిపోదామంటే ఎదురుగా సోమవారం ఉంది, డబ్బా ఉంది, డొక్కలెగరేసి ఏడ్చే పిల్లాడున్నాడు. ముందుకెళ్దామంటే ఇప్పుడే విన్న మాటలున్నాయి. అంతలో హిమబిందు చూడనే చూసింది.

"గుడ్డు పొరటా? బంగారం మా అమ్మ! ఆకలి దంచేస్తోంది, ఇలా తే."

కంచం ఎప్పుడు చేతిలోంచి వెళ్ళిపోయిందో సత్యవతికి తెలియలేదు. ఓ పూటకి ఏమీ కాదందిగా, అని మనసు ఒక పక్క పోరుతోంది. ఓ పూట కాదే, ఫ్రిజ్‌లో నెల రోజుల సరుకుంది, అని ఇంకో పక్క. హిమబిందు అన్నంలో కలుపుకుని పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉమ్మెయ్యి!"

ఆ కేకకి లక్ష్మమ్మ మంచం మీద నుంచి లేచిపోయింది. సత్యవతి ఒక్క అంగలో వెళ్ళి కూతురి గడ్డం కింద దోసిలి పట్టింది. చిన్నప్పుడు మట్టి తింటే పట్టినట్టే పట్టింది. "ఉమ్మెయ్యి తల్లీ, ఉమ్మెయ్యి. గుడ్డు కాదది." ఇంజనీరు గారి ముప్పై ఏళ్ళ అమ్మాయి, ల్యాబులో పదిమందికి పని చెప్పే మనిషి, నోట్లో ముద్దని బుద్ధిగా తల్లి దోసిట్లో ఉమ్మేసింది.

హిమబిందు కోప్పడుతుందనుకుంది సత్యవతి. కోప్పడితే బాగుండేది. అది కళ్ళప్పగించి చూస్తోంది.

"నిన్ను పెంచేటప్పుడు నలభై రోజులు తిన్నానే," అంది సత్యవతి. "నీకూ పట్టించానా ఆ విషం?"

హిమబిందు అబద్ధం చెప్పలేదు. "అప్పుడెవరూ కొలవలేదమ్మా. నాకు తెలీదు." తర్వాత ముక్కు చీదుకుని, "లెక్కల్లో నూటికి నూరు వచ్చేవిగా, మరీ అంత పట్టి ఉండదులే," అంది.

లక్ష్మమ్మ ఫక్కున నవ్వింది. సత్యవతికి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఎంగిలి ముద్ద దోసిట్లో పెట్టుకునే భోరుమంది. "సొర వద్దంటే ఇంకేం పెట్టనే? వాడు ఎండిపోతున్నాడు. నాకింకేం తెలుసని?"

"నీళ్ళివ్వమ్మా," అంది హిమబిందు.

"ఏంటి?"

"మంచినీళ్ళు. నాలుక పిడచకట్టుకుపోతోంది. పదహారు రోజుల్నుంచి పూటకి అరగ్లాసు కొలిచి ఇస్తున్నావు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట వస్తుందంటావు. అడిగితే కళ్ళెర్రజేస్తావు. గోదారంత నీళ్ళు వాడు తాగేస్తుంటే నేనెక్కణ్ణుంచి తేను?"

సత్యవతి లక్ష్మమ్మ వైపు చూసింది. ఎప్పుడూ ఆవిడ మాట కాదనే సత్యవతి, మొదటిసారి సాక్ష్యం కోసం చూసింది.

"మా దిక్కు గూడ గట్లనే చేస్తరు," అంది లక్ష్మమ్మ, తప్పు ఒప్పుకున్నట్టు. "నా బిడ్డకు నేను గూడ ఇయ్యలే."

సత్యవతి చేతులు కడుక్కుని, కాచి చల్లార్చిన నీళ్ళ బిందె మొత్తం తెచ్చి మంచం పక్కన పెట్టింది. హిమబిందు ఒక చెంబు తాగింది. ఇంకో చెంబు తాగింది. మెడ కిందికి కారుతున్నా ఆగలేదు. ఆ తాగడం చూస్తూ సత్యవతి చెంగుతో కళ్ళొత్తుకుంది. ఇంత దాహంతో ఉన్న పిల్లకి తిండి మీద తిండి కుక్కానా అనుకుంది.

"మరి నేను బాలింతను కాదుగా," అన్నాడు గుమ్మంలోకి వచ్చిన భాస్కరరావు, కంచం వంక చూస్తూ.

"ఇవాళ్టికి తినండి నాన్నా. రేపట్నుంచి వద్దు. మిగిలిన సొరలో ఓ ముక్క మా ల్యాబుకి తీసుకెళ్ళి పరీక్ష చేస్తా. మీ వాగు నీళ్ళు కూడా ఒక సీసా పట్టండి."

"కరెంటున్న రోజువా, లేని రోజువా?" అన్నాడాయన.

"లేని రోజువే," అంది సత్యవతి.

అప్పటి నుంచి సోమవారం దాకా ఆవిడ చేసిన పని ఒక్కటే. పిల్లాడు కదిలితే చాలు తల్లి ఒళ్ళో వేసేది, తల్లికి చెంబు అందించేది. రొట్టెలు లక్ష్మమ్మ తెచ్చేది, వద్దనకుండా పెట్టేది. సోమవారం ముగ్గురూ పిల్లాణ్ణి తీసుకుని దవాఖానకు వెళ్ళారు. నర్సు వాణ్ణి తూకం మీద పడుకోబెట్టింది. సత్యవతి కళ్ళు మూసుకుంది.

"రెండు తొమ్మిది వందల పది," అంది నర్సు.

డాక్టరమ్మ కార్డు మీద రాసుకుంది. "డబ్బా అక్కర్లేదమ్మా. ఐదు రోజుల్లో బాగా పెరిగాడే! ఏం పెట్టారు అమ్మాయికి?"

"చెప్పు, రొట్టె అని చెప్పు," అంటూ లక్ష్మమ్మ మోచేత్తో పొడిచింది.

సత్యవతి మనవడి గుడ్డలు సర్దింది, టోపీ పెట్టింది, మళ్ళీ సర్దింది.

"నీళ్ళండీ," అంది చివరికి. "అంతకుముందు ఇవ్వలేదు."