ఇరవై నాలుగు గంటల గీత

“ఒక్క నిమిషం ఆ మిక్సీ ఆపవోయ్! ఇక్కడ సౌండ్ గురించి మాట్లాడుకుంటున్నాం!”

హాల్లోంచి భర్త వేసిన కేకకి ఆమె మిక్సీ ఆపింది. అది ఆగాక గానీ తెలియలేదు, పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను ఎంత మోత మోగుతోందో. దాన్నీ ఆపింది. కుళాయి కట్టేసింది. హాలుకీ వంటింటికీ మధ్య గోడలో గిన్నెలు అందించడానికి పెట్టిన చిన్న కిటికీ ఒకటుంది. ఈ ఇంటికొచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆమె టీవీ చూసిందంటే ఆ కిటికీలోంచే, అదీ సగం తెర. కుడివైపు నిలబడ్డవాళ్లు కనిపిస్తారు, ఎడమవైపు వాళ్లు గోడ వెనక్కి పోతారు. ఎవరు తిడుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో గొంతుల్ని బట్టి పోల్చుకోవాలి. సరిగ్గా క్లైమాక్సు టైముకి ఎవరికో ఒకరికి మంచినీళ్లు కావలసి వస్తాయి. ఆఖరికి కూతురొచ్చి, “ఏం లేదమ్మా, వాడే చంపాడు” అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. అలా రెండు ముక్కల్లో ఆమె చూసేసిన సినిమాలకి లెక్కలేదు.

ఇప్పుడు ఆ హాలే చిన్న సినిమా థియేటరుగా మారిపోబోతోంది. ఆయనకి ఈ ఏడాది కంపెనీలో బాగా కలిసొచ్చింది. గోడంత తెర, ముందు మూడు, పక్కల రెండు, వెనక రెండు, నెత్తిమీద నాలుగు స్పీకర్లు, నేల అదిరేలా ఓ పెద్ద డబ్బా, వెనక్కి వాలే కుర్చీలు. “ఖర్చు మాట ఎత్తొద్దు. చేస్తే నలుగురూ నోరెళ్లబెట్టేలా చెయ్యాలి” అన్నాడు. ఆ మాట ఆ నోట వినడం ఆమెకి అదే మొదలు. పొగ ఫ్యాను మార్పించమని మూడేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే, “తిరుగుతోందిగా, ఇంకేం కావాలి” అన్న నోరే అది. అయినా ఆమెకి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ముచ్చటేసింది. ఏ తీగె ఏ గోడలోంచి పోవాలో, ఏ కుర్చీ తెరకి ఎన్నడుగుల దూరంలో ఉండాలో ఆయన కాగితాల మీద గీసుకుంటూ కూర్చుంటే, ఈ మనిషికి ఇంత ఓపిక ఎక్కణ్ణించి వచ్చిందా అని గుడ్లప్పగించి చూసేది. కూతురు ఏం చదువుతోందో ఎవరైనా అడిగితే తడుముకునే మనిషి, తొమ్మిది రకాల తీగెల పేర్లు గడగడా అప్పజెప్పేస్తున్నాడు.

ఆ పని ఒప్పుకున్నది ఒకావిడ. నలభై దాటినట్టుంటుంది. జేబులో టేపు, చెవి వెనక పెన్సిలు. అత్తగారు మొదటి రోజే ఆవిడకి ‘కొలతలమ్మ’ అని పేరు పెట్టేసింది. ప్లాను గీసేముందు ఒకసారి విని చూడండంటూ కొలతలమ్మ అందర్నీ తన షోరూముకి పిలిచింది. అక్కడ కూడా భర్త ఆవిడకే పాఠం చెప్పబోయాడు. ఆవిడ అంతా వింది, “అవునండీ” అంది, తలుపు మూసి దీపాలు తగ్గించింది.

ఏదో పాట. ఏ భాషో తెలియదు. ఒక ఆడమనిషి గొంతు, పక్కన ఒకే ఒక్క తీగ వాద్యం. పాట ఎత్తుకునే ముందు ఆ పాడే మనిషి ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి వినిపించింది. ఆమె ఒళ్లు జలదరించింది. ఎదురుగా, రెండు బారల దూరంలో, ఆ మనిషి నిలబడి ఉంది. లేదని కళ్లు చెబుతున్నాయి, ఉందని చెవులు ఒట్టేస్తున్నాయి. పెదాలు విడివడిన తడి చప్పుడు, చరణం చివర గొంతు కాస్త బరువెక్కడం, మళ్లీ ఊపిరి. ఇన్నేళ్లూ పాటంటే కుక్కర్ కూతకీ కూతకీ మధ్య చెవిన పడేదనుకుంది. పాటలో ఇంత చోటుంటుందని, ఆ చోటులో ఒక మనిషి నిలబడి ఊపిరి పీలుస్తూ ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చేతులు ఒళ్లో ఉన్నాయి, వాటికి పనేమీ లేదు. అవి తన చేతులేనా అన్నట్టు వాటి వైపు చూసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోబుద్ధి కాలేదు. పాట సగంలో ఉండగా భర్త, “ఇవి కాదండీ, కార్లు గుద్దుకునేది ఏదైనా పెట్టండి, బేస్ చూద్దాం” అన్నాడు. పాట తెగిపోయింది. కార్లు గుద్దుకున్నాయి. అత్తగారు చెవులు మూసుకుంది, కూతురు చప్పట్లు కొట్టింది. ఆమె మాత్రం వినకుండా మిగిలిపోయిన సగం దగ్గరే ఉండిపోయింది. ఆ పాట చివరిదాకా వినాలి. తన ఇంట్లో, తన హాల్లో, కూర్చుని, మధ్యలో లేవకుండా. దేన్నైనా ఇంత గట్టిగా కోరుకుని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

తర్వాతి వారం కొలతలమ్మ ఇంటికొచ్చి, హాలు మధ్యలో మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, దాని మీద అరచేతిలో పట్టేంత నల్లపెట్టె బిగించింది. “ఒక పగలూ ఒక రాత్రీ ఇది ఇక్కడే ఉంటుంది. ఇల్లు మామూలుగా ఎంత చప్పుడు చేస్తుందో రాసుకుంటుంది. దాన్నిబట్టి ప్లాను వేస్తాను. టీవీ ఒక్కటీ పెట్టకండి, మిగతావన్నీ రోజూలాగే కానివ్వండి” అని చెప్పింది.

“మాటలు కూడా రాసుకుంటుందా?” అత్తగారి అనుమానం.

“లేదమ్మా. ఎంత గట్టిగా అన్నదే రాస్తుంది. ఏమన్నారో దానికక్కర్లేదు.”

అత్తగారు నమ్మలేదు. ఆ రోజంతా నోరు కుట్టేసుకున్నట్టు కూర్చుంది. తన కూతురితో ఫోన్లో మాట్లాడాలంటే బాల్కనీలోకి పోయి తలుపేసుకుంది. భర్త పిల్లిలా అడుగులో అడుగు వేశాడు, తుమ్మొస్తే ముక్కు పట్టుకున్నాడు. కాలేజీకి సెలవులని ఇంట్లోనే ఉన్న పిల్ల చెవుల్లో ఏవో కుక్కుకుని గదిలోంచి బయటికే రాలేదు. పెట్టె ముందు అందరూ బుద్ధిమంతులైపోయారు. ఆమెకే ఆ వీల్లేకపోయింది. మెల్లగా కూయమని కుక్కర్ని బతిమాలుకోలేం కదా. లేచింది మొదలు పడుకునేదాకా రోజూ చేసేదే చేసింది, మధ్యలో ఎప్పటిలాగే క్లినిక్‌కి వెళ్లొచ్చింది.

ఆ క్లినిక్ ఒక గుండె డాక్టరుది. అక్కడ ఈసీజీ తీయడం ఆమె ఉద్యోగం. రోజుకి పాతిక ముప్పై గుండెలు. “ఆ వైర్లు అతికించడమేగా, దానికింత అలసటా?” అంటాడు భర్త. డాక్టరు కూడా ఆమె మొహం చూడకుండానే కాగితం అందుకుంటాడు. పదకొండేళ్లయినా ఆమెకి మాత్రం ఆ గీత పాతబడలేదు. పిడికెడు కండ, ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, ఒక్క పూట సెలవడక్కుండా కొట్టుకుంటూనే ఉంటుంది. కాగితం మీద కొండలూ లోయలూ వేస్తూ పోతుంది. ముక్కూమొహం తెలియని మనిషి గీత చూసి కూడా ఆమె మనసులోనే ఓ దణ్ణం పెట్టుకుంటుంది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

ఆదివారం పొద్దున కొలతలమ్మ పొడుగాటి కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద ఈ చివర్నించి ఆ చివరికి పరిచింది. కింద గంటలు, పైకి చప్పుడు. అందరూ చుట్టూ మూగారు. ఆమె టీ కప్పులు పెట్టి వెళ్లబోతూ ఆగిపోయింది.

“ఇది నీకర్థం కాదులే, సౌండ్ గ్రాఫు” అని భర్త ఎర్ర పెన్ను తీసి మొదటి కొండ చుట్టూ సున్నా చుట్టాడు. “ఇదేంటండీ, తెల్లారి ఐదుంబావుకి?”

“మీ ఇంటి చప్పుడు నాకెలా తెలుస్తుంది సార్?” అంది కొలతలమ్మ.

“కుళాయి” అంది ఆమె.

“మరి ఇది?”

“మిక్సీ. ఆ పక్కన మూడూ కుక్కర్ కూతలు. మందంగా సాగిందే, అది పొగ ఫ్యాను. ఇదిగో ఇది బట్టల మిషను, మీ చొక్కాలు. ఈ సన్నసన్నవి గిన్నెలు. ఈ ఒక్కటీ అలమర తలుపు. మీ జేబురుమాలు కనిపించడం లేదంటే తీశాను.”

ఆమె వేలు కాగితం మీద నడుస్తోంది, మాట మెల్లగా తగ్గిపోతోంది. గీతలు చదవడం ఆమెకి కొత్త కాదు, రోజూ చేసే పనే. కానీ ఇప్పటిదాకా చదివినవన్నీ పరాయివాళ్లవి. ఐదుంబావు నించి తొమ్మిదింబావు దాకా గీత ఒక్క చోట కూడా ఊపిరి తీసుకోలేదు. మళ్లీ రెండూ నలభైకి మొదలై, ఐదింటికి ఎగిసి, ఏడింటికి అన్నిటికన్నా ఎత్తుకి లేచి, పదిన్నర దాకా దిగలేదు. ఎక్కడా వేరే మనిషి జాడ లేదు. ఇదంతా నేనేనా అనుకుంది. ఇంత ఉన్నానా నేను? సాయంత్రమయ్యేసరికి నడుం ఎందుకు విరిగిపోతుందో అడిగితే చెప్పలేక, ‘ఏం చేశానని’ అని తనే సర్దిచెప్పుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. చేసింది ఇక్కడుంది, బల్ల చాలక రెండు వైపులా వేలాడుతోంది. దాన్ని చూస్తే దిగులు రావాలి కదా, ఆమెకి గొప్ప ఆశ్చర్యంతో గుండె నిండిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్లకి పెట్టుకున్న దణ్ణం ఈ గీతకీ పెట్టాలనిపించింది.

“ఆహా! ఇదండీ మనక్కావలసింది!” భర్త పెన్ను బల్ల మధ్యలో ఠక్కున ఆగింది. తొమ్మిదింబావు దాటగానే గీత నేలకి దిగి, రెండూ నలభై దాకా కిందే సాఫుగా పడుకుంది. “చూడు, ఇల్లు ఎంత హాయిగా ఉందో! సాయంత్రం కూడా ఇలా ఉండాలండీ. చీమ చిటుక్కుమన్నా వినపడాలి. ఎంతైనా పర్లేదు.”

ఆమె ఆ సాఫు గీత వైపు చూసింది. తను పనిచేసే గదిలో గీత అలా పడుకుంటే హాయిగా ఉందని ఎవరూ అనరు. డాక్టరు కోసం పరుగులు పెడతారు.

“ఈ చప్పుళ్లన్నీ వంటింటివే కాబట్టి, ఆ కిటికీని ఇటుకలతో మూసేసి మధ్యలో మందపాటి తలుపు పెట్టొచ్చు” అంటోంది కొలతలమ్మ. “లేదంటే పొగ ఫ్యాను మార్చి...”

“తలుపే పెట్టించండి. ఫ్యాను సంగతి తర్వాత.”

“పొగ కూడా రాదు” అంది అత్తగారు.

కొలతలమ్మ ప్లాను మీద తలుపు గీసి తలెత్తింది. “కుర్చీలు మూడే రాయించారు సార్. నలుగురున్నారుగా?”

“ఈవిడెక్కడ కూర్చుంటుందండీ! కాలు ఒకచోట నిలవదు.”

ఆ కిటికీ మూసుకుపోతే ఇక సగం తెర కూడా ఉండదు. పాట చివరి సగం మాట అటుంచి, మొదటి సగం కూడా గోడ అవతలే పాడుకుని పోతుంది.

“ఈ గీత ఎందుకు పడుకుందో తెలుసా?” అని ఆమె భర్తని అడిగింది.

“ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి.”

“అత్తయ్య ఉన్నారు. అమ్మాయి ఉంది. నేను గిన్నెల్లో సర్దిపెట్టిన భోజనం తినడానికి మీరూ వచ్చి గంటసేపున్నారు. నేను లేను.”

కూతురు కాగితం మీదికి వంగి, ఆ గంటల మీద వేలు పెట్టి చూసుకుంటోంది.

“సాయంత్రం కూడా అలాగే ఉండాలంటే రెండే దార్లు. నేను ఇంట్లో లేకుండా పోవాలి, లేదంటే వచ్చి మీ పక్కన కూర్చోవాలి. ఏది రాయమంటారు ప్లానులో?”

“అదేం మాట! నిన్ను ఉండొద్దని నేనన్నానా?”

“మీరనలేదు. గీత అంది.”

భర్త పెన్ను మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. కొలతలమ్మ చెవి వెనక పెన్సిలు తీసి, ప్లానులో తలుపు బొమ్మని కొట్టేసి, నాలుగో కుర్చీ గీసింది. అత్తగారు ముక్కున వేలేసుకుంది.

“బాగుందమ్మాయ్! అందరం కాళ్లు బారజాపుకుని కూర్చుంటే వంటెవరు చేస్తారు? ఆ గిన్నెలూ అవీ?”

“ఏడింటిలోపు నా ఒక్కదాని వల్ల అయినంత అవుతుందత్తయ్యా. మిగిలింది అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. పాటో సినిమానో పూర్తిగా అయ్యాక నలుగురం లేచి చేసుకుందాం.”

“అప్పుడు మాత్రం చప్పుడవదా?” అన్నాడు భర్త.

“అవుతుంది” అంది ఆమె, కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంటూ. “నలుగురి చప్పుడవుతుంది. అదెలా ఉంటుందో కూడా ఓసారి గీయించి చూద్దాం.”